తనకల్లు పరిసరాల్లో ధ్యానస్థలాలు

తనకల్లు శ్రీసత్యసాయి జిల్లాలో, కదిరి నుంచి మదనపల్లెకు పోయే దారిలో ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడే వరకు అనంతపురం జిల్లాలో భాగం. పాత చిత్తూరు, కడప జిల్లాల ఎల్లలూ కర్ణాటక ఎల్లా దీనికి దగ్గర్లోనే ఉన్నాయి. మెట్ట సేద్యం, చెనక్కాయ చేలు, బోడి గుట్టలు, ఎప్పుడో గానీ పారని పాపాఘ్ని నది ఇక్కడి నేల లక్షణాలు. ఈ ఊరిని నడుమ పెట్టుకుని చూస్తే, పొద్దున బయల్దేరి ఆ పగలే చేరుకోగల దూరంలో వేమన సమాధి ఉన్న కటారుపల్లి, తిమ్మమ్మ మర్రిమాను, కదిరి నరసింహ క్షేత్రం, పుట్టపర్తి ప్రశాంతి నిలయం, పెనుకొండ బాబయ్య దర్గా, వెంగమాంబ పుట్టిన తరిగొండ, జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన మదనపల్లె, అక్కడికి సమీపంలోని రిషి వ్యాలీ, సరిహద్దు దాటితే కైవారం ఉన్నాయి. ఇంత కరువు నేల మీద, ఇంత దగ్గర దగ్గరగా, మనసును నిలబెట్టుకోవడానికి మనుషులు కూర్చున్న చోట్లు ఇన్ని ఉండటం తెలుగు దేశంలో అరుదైన సంగతి.

మరొక విశేషం కూడా ఉంది. ఈ ప్రాంతంతో పేరు ముడిపడిన ఇద్దరు, వేమన, కృష్ణమూర్తి, మనసు కుదరడానికి పుణ్యస్థలం అవసరమన్న మాటనే కాదన్నారు. అయినా జనం స్థలాన్ని వదల్లేదు. ఆ ఇద్దరి స్థలాలకూ వెళ్ళి కూర్చుంటున్నారు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే ఇక్కడి ధ్యాన సంప్రదాయం అర్థం కాదు.

స్థలం గురించి గ్రంథాలు

ధ్యానానికి చోటు ఎలా ఉండాలన్న ప్రశ్న చాలా పాతది. శ్వేతాశ్వతరోపనిషత్తు రెండో అధ్యాయం అందుకు జవాబుగా సమతలమైన, శుభ్రమైన నేలను చెబుతుంది. గులకరాళ్ళు, ఇసుక, నిప్పు ఉండకూడదు. నీటి సవ్వడి మనసుకు హాయినివ్వాలి, కంటికి వికారమైనది ఏదీ కనిపించకూడదు, గాలి తగలని గుహ వంటి ఆశ్రయం కావాలి. భగవద్గీత ఆరో అధ్యాయం మరీ ఎత్తూ పల్లమూ కాని శుచి ప్రదేశాన, దర్భ మీద చర్మం, చర్మం మీద వస్త్రం పరిచి కూర్చోమంటుంది. పాళీ బౌద్ధ సూత్రాలు అడవిని, చెట్టు మొదలును, మనుషులు లేని ఇంటిని చెబుతాయి. పదిహేనో శతాబ్దం నాటిదని భావించే హఠయోగ ప్రదీపిక మరో మెట్టు పైకెక్కి, మంచి పాలన, ధర్మం, సుభిక్షం ఉన్న దేశంలో చిన్న కుటీరం కట్టుకోమంటుంది. చుట్టూ ఒక విల్లు పొడవు మేర రాయి, నిప్పు, నీరు ఉండరాదంటుంది.

ఈ చివరి నియమాన్ని అనంతపురం మెట్టకు తెచ్చి చూడండి. ఇక్కడ విల్లు పొడవు కాదు, చూపు ఆనినంత మేరా రాయే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో సుభిక్షం ఏ కొద్ది సంవత్సరాల్లోనో కనిపించే మాట. 1876–78 నాటి ధాత కరువు ఇక్కడి పల్లెల్ని ఖాళీ చేసింది. గ్రంథం కోరిన దేశం ఇది కానే కాదు. అయినా గ్రంథం వద్దన్న రాతి మీదే, రాతి కిందే ఇక్కడి సాధకులు కూర్చున్నారు.

దీనికి శాస్త్రంలోనే సమర్థన దొరుకుతుంది. బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయం మొదటి పాదంలో ఉపాసన ఎక్కడ చేయాలన్న చర్చ వస్తుంది. దిక్కుకూ చోటుకూ ప్రత్యేక నియమమేదీ లేదు, మనసు ఎక్కడ కుదిరితే అదే చోటు అని అక్కడ తేల్చారు. అంటే స్థలం ధ్యానానికి ఒక అనుకూలతే గాని షరతు కాదు. ఈ తీర్పు తెలిసినా తెలియకపోయినా, సీమ సాధకుల బతుకు దాని ప్రకారమే నడిచింది.

పాపాఘ్ని వెంట

తనకల్లు మండలంలోంచి పారే పాపాఘ్ని కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, కడప సీమలో కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. మండలంలోని చెన్నరాయస్వామి గుడి ప్రాజెక్టు ఈ నది మీదిదే. ఏటిలో ఇసుక కనిపించినన్నాళ్ళు నీళ్ళు కనిపించవు. కానీ ఈ నది వెంట నడిస్తే తెలుగు యోగుల చరిత్రలో ఒక ముఖ్యమైన పాయ వెంట నడిచినట్టే.

పోతులూరి వీరబ్రహ్మం బాల్యం గడిచింది నది ఎగువన నందికొండ ప్రాంతంలో ఉన్న పాపాఘ్ని మఠంలో అని సంప్రదాయం. మఠాధిపతి వీరభోజయాచార్యుల దంపతులు ఆయన్ను పెంచారు. అక్కడి నుంచి బయల్దేరిన బ్రహ్మం బనగానపల్లె చేరి పశువుల్ని కాస్తూ, దగ్గర్లోని రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడని చెబుతారు. కందిమల్లాయపల్లెలో 1693లో జీవసమాధి అయ్యాడన్నది మఠ సంప్రదాయం చెప్పే లెక్క. జనం ఆయన్ను భవిష్యత్తు చెప్పినవాడిగానే ఎక్కువ గుర్తు పెట్టుకున్నారు. నా దృష్టిలో అంతకంటే పెద్ద విషయం, దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా కూర్చోబెట్టుకుని యోగం నేర్పడం. కులం, మతం చూసి గుడి గడప దగ్గర ఆపేసిన మనిషికి గుహలోనూ మఠంలోనూ చోటు దొరికింది.

నది పుట్టిన సీమలోనే, చింతామణి తాలూకాలో కైవారం ఉంది. అక్కడి నారాయణప్పను భక్తులు కైవారం తాతయ్య అంటారు. 1726లో పుట్టి 1836 వరకు జీవించాడని సంప్రదాయం. గాజులమ్ముకుని బతికిన సంసారి. తెలుగులోనూ కన్నడంలోనూ అమరనారేయణ ముద్రతో కీర్తనలు, తత్వాలు కట్టాడు. ఆయన సాధన గురించి ఒక కథ ఉంది. పరదేశిస్వామి అనే గురువు ఆయన చేతికి ఒక గులకరాయి ఇచ్చి, దీన్ని నోట్లో పెట్టుకుని అష్టాక్షరి జపించు, రాయి కలకండ అయిన రోజు నీ మంత్రం సిద్ధించినట్టు అన్నాడట. కొండ గవిలో ఏళ్ళ తరబడి జపిస్తే రాయి తీపెక్కిందట. నోట్లో రాయి ఉన్న మనిషి మాట్లాడలేడు. మౌనం, ఉచ్చారణ లేని జపం, నాలుక కదలిక ఆగడం ఒక్క సాధనంతో సాధించే ఉపాయం ఈ కథలో ఇమిడి ఉంది. దీన్ని మహిమగానే తీసుకోనక్కర్లేదు, అభ్యాస పాఠంగా కూడా చదవవచ్చు.

ఈ ప్రాంతపు గవుల స్వభావం గురించి ఒక మాట. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు సున్నపురాయిని నీరు తొలిచి చేసినవి. మూడు కిలోమీటర్లకు పైగా సాగుతాయి, బౌద్ధ భిక్షువులు అక్కడ ఉన్న ఆనవాళ్ళు కూడా దొరికాయి. కదిరి, తనకల్లు చుట్టుపక్కల నేల వేరు. ఇక్కడిది గట్టి నల్లరాయి, తెల్లరాయి బండ. ఎండకూ చలికీ పైపొర ఊడి, గుండ్లు ఒకదాని మీద ఒకటి వాలి నిలవడంతో ఏర్పడ్డ సందులే గవులు. లోతు తక్కువ, ఇద్దరు ముగ్గురికి మించి పట్టవు. లోపల ఎండ తగలదు. గాలి రొద వినపడదు. ఎదురుగా ఒక్క దిక్కే కనిపిస్తుంది. గొర్రెల కాపరులు వానకు తలదాచుకునేదీ, సన్యాసులు కూర్చున్నదీ అవే గవుల్లో.

మాను నీడ

సీమలో చెట్టును మాను అంటారు. ఈ చుట్టుపక్కల పుణ్యస్థలాల కథలన్నీ ఒక వరుసలో పెడితే ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఎండిన కొయ్య చిగురిస్తుంది, దాని కింద మనుషులు కూర్చుంటారు. వాన కోసం ఆకాశం వైపు చూసే జనం పవిత్రతను ఇలా ఊహించుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అన్నింట్లో పెద్దది తిమ్మమ్మ మర్రిమాను. కదిరికి పాతిక కిలోమీటర్ల దూరాన, నంబులపూలకుంట మండలం గూటిబయలులో ఉంది. సుమారు ఐదెకరాల మేర పరుచుకున్న ఈ మాను 1989లో గిన్నిస్ పుస్తకంలో ప్రపంచంలోకెల్లా విశాలమైన మర్రిగా నమోదైంది. బెంగళూరుకు చెందిన పత్రికా ఛాయాచిత్రకారుడు రిగ్రెట్ అయ్యర్ దీన్ని లోకం దృష్టికి తెచ్చారు. 1434లో బాలవీరయ్య చనిపోతే భార్య తిమ్మమ్మ చితిలో సహగమనం చేసిందనీ, చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మాను అయిందనీ స్థలపురాణం. మాను కింద ఆమె గుడి ఉంది, శివరాత్రికి జాతర జరుగుతుంది, పిల్లలు లేనివారు మొక్కుకుంటారు. ఒక స్త్రీ కాలిపోవడాన్ని పుణ్యంగా చెప్పే భాగాన్ని ఇవాళ్టి పాఠకులు అంగీకరించలేరు, అంగీకరించకూడదు కూడా. కానీ ఆ దుఃఖం నుంచి మొలిచిందంటున్న నీడ ఆరు వందల ఏళ్ళుగా ఎవరినీ నువ్వెవరని అడగలేదు.

అక్కడ కూర్చున్నవారికి మొదట తెలిసేది చల్లదనం. మర్రి ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు చుట్టూ గాలి వేడిని లాగేస్తుంది. వెయ్యికి మించిన ఊడలు స్తంభాలై నిలిచి, ఎటు చూసినా చూపును కొంత దూరానికే ఆపుతాయి. కొత్త ఊడలు నేలను అందుకునేలా అటవీ శాఖవారు వెదురు బొంగుల్లో మట్టీ ఎరువూ నింపి దారి చూపుతారు. మొదటి బోదె ఏదో చెప్పడం కష్టమైన చెట్టు ఇది. ఎక్కడ కూర్చున్నా నడిమధ్యలో కూర్చున్నట్టే ఉంటుంది.

కదిరి క్షేత్రం పేరే ఖదిర వృక్షం, అంటే చండ్ర చెట్టు, మీద వచ్చిందని ఒక స్థలపురాణం చెబుతుంది. ఇక్కడి నరసింహుడు ప్రహ్లాదుడితో కలిసి వెలిశాడు. హిరణ్యకశిపుణ్ణి చంపిన ఉగ్రం తగ్గక తిరుగుతున్న స్వామిని దేవతలు స్తోత్రం చేసి శాంతింపజేసిన కొండ కాబట్టి ఊరి దగ్గరి కొండకు స్తోత్రాద్రి అని పేరు. ధ్యానం గురించి రాసేవారు ఈ కథను సాధారణంగా పట్టించుకోరు. కానీ కోపం చల్లారిన చోటుగా ఒక కొండను గుర్తు పెట్టుకోవడం, అక్కడికి వెళ్ళిన మనిషి తన కోపాన్ని కూడా దింపుకోగలనని నమ్మడం, మనసు నెమ్మదించడానికి ఒక పెద్ద తలుపు.

పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉంది. సీమ జనం బాబయ్య అంటారు. తిరుచిరాపల్లి నత్తర్ వలీ శిష్యుడైన ఆయనకు గురువు ఒక పళ్ళపుల్ల ఇచ్చి, ఇది ఎక్కడ చిగురిస్తే అక్కడ ఉండిపో అన్నాడని, అది పెనుకొండలో చిగురించిందని కథ. సూఫీ మార్గంలో నలభై రోజులు ఒంటరిగా ఉండి దైవస్మరణ చేసే సాధనను చిల్లా అంటారు. దేవుడి పేరును శ్వాసతో కలిపి స్మరించడం జిక్ర్. ఇటు యోగులు ప్రాణాయామంతో కలిపి మంత్రం జపించే పద్ధతికీ దానికీ ఉన్న దగ్గరితనం ఇక్కడి పల్లె జనానికి కొత్త కాదు. ఉరుసుకు హిందువులూ వెళ్తారు.

వెంగమాంబ

ఈ సీమ సాధకుల్లో ఒక్కరి గురించే చెప్పమంటే తరిగొండ వెంగమాంబ గురించి చెప్పాలి. గుర్రంకొండకు దగ్గరి తరిగొండలో 1730లో పుట్టింది, 1817 వరకు జీవించింది. చిన్ననాటనే పెళ్ళి, వెంటనే వైధవ్యం. తల గొరిగించుకోను, బొట్టు తీయను అంది. ఊరు ఊరంతా ఎదురు నిలిచింది. మదనపల్లెలోని రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి దగ్గర యోగం నేర్చుకుంది.

ఆమెకు ఇంట్లో చోటు లేదు, ఊళ్ళో చోటు లేదు. తరిగొండ నరసింహస్వామి గుడిలో ఆంజనేయ విగ్రహం వెనక నక్కి కూర్చుని ధ్యానం చేసేదని చెబుతారు. పూజారి కనిపెట్టి అవమానించి వెళ్ళగొట్టాక ఊరు విడిచి తిరుమల చేరింది. అక్కడా ఇబ్బందులు తప్పలేదు. చివరికి తుంబురు కోనలో ఒక గుహ చూసుకుని ఏళ్ళ తరబడి ఏకాంతంగా సాధన చేసింది. కొండ మీదికి తిరిగి వచ్చాక ఆమె ఇచ్చే ముత్యాల హారతి స్వామి ఏకాంత సేవలో భాగమైంది. ఆమె సమాధి తిరుమలలోనే ఉంది.

పుణ్యస్థలంలో ధ్యానం అనే మాట మనం ఎంత తేలిగ్గా అంటామో, ఆడమనిషికి ఆ చోటు దొరకడం ఎంత కష్టమో ఈ జీవితం చూపిస్తుంది. రచ్చకట్ట మీద మగవాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటే ధ్యానం, ఆడది కూర్చుంటే పిచ్చి అన్న ఊళ్ళలో ఆమె రాజయోగం మీద గ్రంథం రాసింది. రాజయోగామృతసారం, వాసిష్ఠ రామాయణం, ద్విపద భాగవతం, అష్టాంగయోగసారం ఆమె రచనల్లో కొన్ని. ద్విపద పాడుకోవడానికి వీలైన ఛందస్సు. సంస్కృతం రానివారు, ముఖ్యంగా ఆడవారు, యోగ విషయాలను నోటికి పట్టుకోవడానికి అది దారి తీసింది. తెలుగులో ధ్యానం గురించి స్త్రీ అనుభవంతో రాసిన తొలి పెద్ద రచయిత్రిగా ఆమెను చదవాల్సినంతగా ఇంకా చదవలేదన్నది నా అభిప్రాయం.

చోటు అక్కర్లేదన్నవారు

కటారుపల్లి గాండ్లపెంట మండలంలో ఉంది. వేమన సమాధి ఇక్కడిదేనని సీమ ప్రజల గట్టి నమ్మకం. ఆయన కాలం గురించి పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఎక్కువమంది పదిహేడో శతాబ్దం దగ్గర పెడతారు. సి.పి. బ్రౌన్ పద్యాలు సేకరించి ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. వేమన యోగి అన్న సంగతి నీతిపద్యాల మాటున మరుగున పడిపోతుంది గాని, ఆయన పద్యాల్లో పెద్ద భాగం ప్రాణం, మనసు, కుండలిని, శూన్యం చుట్టూ తిరుగుతుంది. తీర్థాలు తిరిగితే, రాళ్ళకు మొక్కితే, బూడిద పూసుకుంటే మనసు మారదని ఆయన పదే పదే హెచ్చరించాడు. చూడవలసింది లోపల, పోవలసింది ఎక్కడికీ కాదు అన్నది ఆయన వాదం. అలా అన్నవాడికి జనం గుడి కట్టారు.

మదనపల్లెలో 1895 మే నెలలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మరీ స్పష్టంగా తెగదెంపులు చేసుకున్నారు. దివ్యజ్ఞాన సమాజం ఆయన్ను జగద్గురువుగా నిలబెట్టడానికి కట్టిన నక్షత్ర సంఘాన్ని 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమెన్‌లో ఆయనే రద్దు చేశారు. సత్యానికి దారి అంటూ ఏదీ లేదని, ఏ సంస్థా ఏ గురువూ అక్కడికి తీసుకుపోలేరని అన్నారు. ధ్యానం గురించి కూడా అదే మాట. పద్ధతి పెట్టుకుని, ఆసనం వేసుకుని, మంత్రం పట్టుకుని మనసును నొక్కిపట్టడం ధ్యానం కాదు. ఆలోచన ఎలా పుట్టి ఎలా పోతోందో మంచి చెడ్డలు ఎంచకుండా గమనించడమే ధ్యానం, అది వంటింట్లోనూ బస్సులోనూ జరగాలి.

అయితే ఆయన పేరు మీద నడిచే బడి ఉన్న లోయకు రిషి వ్యాలీ అని పేరు. పూర్వం రుషులు తపస్సు చేశారని చెప్పే రిషికొండ అక్కడే ఉంది. 1920ల నడుమ ఒక పెద్ద మర్రి ఉన్న ఆ బీడును చూసి బడికి స్థలంగా ఎంచుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో చెట్లు పెంచి, వాన నీరు నిలిపి, ఆ కరువు లోయను పక్షులు చేరే చోటుగా మార్చారు. అక్కడ పిల్లలకు అస్తాచల్ అనే అలవాటు ఉంది. సాయంత్రం ఒకచోట చేరి, మాటలు మాని, పొద్దుగుంకడం చూస్తూ కూర్చుంటారు. మంత్రం లేదు, కళ్ళు మూసుకోమని ఆజ్ఞ లేదు. ఊరికే చూడటం.

స్థలం అక్కర్లేదన్నవారి స్థలాలకే జనం ఎందుకు వెళ్తున్నారన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు ఉంది. వేమన, కృష్ణమూర్తి కాదన్నది స్థలానికి ఉందనుకునే మహిమను. అక్కడికి పోతే చాలు, మిగతాది అదే చూసుకుంటుందన్న బద్ధకాన్ని. చల్లని నీడను, నిశ్శబ్దాన్ని, చేతిలో పని లేని అరగంటను ఆ ఇద్దరూ కాదనలేదు. కృష్ణమూర్తి చెట్ల మధ్య గంటల తరబడి నడిచేవారు. స్థలం మనసును మార్చదు, మనసు తనను తాను చూసుకోవడానికి అడ్డం రాకుండా ఉంటుంది. సీమ ప్రజలు కటారుపల్లికి వెళ్ళడంలో వైరుధ్యం ఉన్నట్టు కనిపిస్తుంది గాని, అక్కడ కూర్చున్నప్పుడు వారికి గుర్తొచ్చేది గుళ్ళు తిరగొద్దన్న మనిషి మాటే.

ప్రశాంతి నిలయం

చిత్రావతి ఒడ్డున పుట్టపర్తిలో సత్యసాయిబాబా (1926–2011) ఆశ్రమం ప్రశాంతి నిలయం 1950 నవంబర్ 23న ప్రారంభమైంది. తెల్లవారుజామున ఇరవై ఒక్క ఓంకారాలతో రోజు మొదలవుతుంది, తర్వాత సుప్రభాతం, భజన. బాబా బోధించిన జ్యోతి ధ్యానం ఇలా ఉంటుంది. ఎదుట దీపం పెట్టుకుని దాని వెలుగును చూడాలి, కళ్ళు మూసి ఆ వెలుగును హృదయంలోకి, అక్కడి నుంచి చేతులు, కాళ్ళు, నాలుక, కళ్ళు, చెవుల్లోకి పంపాలి. వెలుగు ఉన్నచోట చెడ్డ పని ఉండదని తలచుకోవాలి, చివరికి ఆ వెలుగును అందరిలోకీ విస్తరించాలి. ధ్యాన వాహిని ఈ విషయం మీద ఆయన రాసిన పుస్తకం.

ఆశ్రమం వెనక గుట్ట మీద 1959లో ఆయన నాటిన మర్రి మొక్క ఇవాళ ధ్యానవృక్షం. సాధన చేయాలనుకునేవారు మెట్లెక్కి వెళ్ళి దాని కింద కూర్చుంటారు. కింద మందిరంలో వేలమంది మధ్య జరిగే భజనకూ, పైన మాను కింద ఒంటరి నిశ్శబ్దానికీ ఒకే ప్రాంగణంలో చోటు పెట్టడం ఈ ఆశ్రమ ప్రత్యేకత. సత్యసాయి మహిమల మీద దేశంలో చాలా వాదోపవాదాలు జరిగాయి. ధ్యానవృక్షం కింద కూర్చోవడానికి ఆ వాదం తేలే వరకు ఆగనక్కర్లేదు.

పల్లెల్లో

పెద్ద పేర్లు లేని చోట్లే ఎక్కువ. తనకల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఊరి రామాలయం, రాగిమాను కట్ట, ఏదో ఒక అవధూత సమాధి, అచల యోగ సంప్రదాయపు గురువుల మఠం మనిషికి అందుబాటులో ఉండే ధ్యానస్థలాలు. అచలం వారి మాటల్లో ఎరుక, బయలు, పరిపూర్ణం వంటివి తరచు వస్తాయి. పగలంతా చేలో పనిచేసినవారు రాత్రి తంబుర పట్టి తత్వాలు పాడతారు. ఇడ, పింగళ, సుషుమ్న అన్న యోగనాడుల పేర్లు అక్షరం రాని ముసలమ్మ నోట వినిపిస్తాయి. ఇక్కడ మనసు నిలిచేది నిశ్శబ్దంతో కాదు, ఒకే పల్లవిని గంటల తరబడి తిప్పి పాడటంతో. చెక్కభజనలో అడుగుల లెక్క తప్పకుండా తిరిగే కుర్రవాడి మనసుకు ఆ కాసేపు ఇంకో ఆలోచన దూరే సందు ఉండదు. ధ్యానమంటే కదలకుండా కూర్చోవడమే అనుకుంటే ఈ సాధనంతా లెక్కలోకి రాకుండా పోతుంది.

గత యాభై ఏళ్ళలో పట్టణాల నుంచి కొత్త పద్ధతులు వచ్చాయి. గోయెంకా సంప్రదాయపు విపశ్యనకు హైదరాబాదులో, నాగార్జునసాగర్‌లో కేంద్రాలున్నాయి. పది రోజుల శిబిరంలో దాదాపు చివరి దాకా మౌనం పాటించాలి. సుభాష్ పత్రీజీ (1947–2022) కర్నూలులో 1990లో మొదలుపెట్టిన ఉద్యమం, శ్వాస మీద ధ్యాస అన్న చిన్న మాటతో రాయలసీమ పల్లెల దాకా పాకింది. శ్వాసను గమనించే బౌద్ధ పద్ధతి ఆనాపానసతికి ఆ మాట చక్కని తెలుగు. ఈ ఉద్యమం కట్టే పిరమిడ్ల ఆకారానికి ప్రత్యేక శక్తి ఉందన్న ప్రచారానికి మాత్రం శాస్త్రీయ ఆధారం లేదు. ఊరికే కూర్చోవడానికి ఓ చిన్న గది దొరికిందని పిరమిడ్‌ను వాడుకునేవారికి నష్టమేమీ లేదు.

మనసుకూ ఒంటికీ ఏమవుతుంది

ఊపిరి నెమ్మదించి, విడిచే శ్వాస పొడవైనప్పుడు వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం తగ్గుతుంది. హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో ప్రచురించిన పుస్తకంలో ఈ స్థితిని వివరించాడు. ఒకే మాటను మళ్ళీ మళ్ళీ అనుకోవడం, అడ్డొచ్చే ఆలోచనల్ని పట్టించుకోకపోవడం అనే రెండు చాలు, ఏ మతపు మంత్రమైనా ఒంటి స్పందన ఒకటేనన్నాడు. పని లేనప్పుడు మెదడులో కొన్ని భాగాలు కలిసి చురుగ్గా ఉంటాయని 2001లో మార్కస్ రైకిల్ బృందం గుర్తించింది. గతాన్ని తవ్వుకోవడం, రేపటి లెక్కలు వేసుకోవడం ఈ చురుకుతో ముడిపడినవే. అనుభవజ్ఞులైన సాధకుల్లో ధ్యాన సమయంలో ఆ చురుకు తగ్గడం తర్వాతి పరిశోధనల్లో కనిపించింది.

చోటు సంగతికి వస్తే, రేచెల్, స్టీఫెన్ కప్లాన్ 1989లో రాసిన పుస్తకం ఉపయోగపడుతుంది. కష్టపడి నిలిపిన ధ్యాస అలిసిపోతుంది. ఆకుల కదలిక, మబ్బు, నీటి సవ్వడి వంటివి ధ్యాసను బలవంతం లేకుండా పట్టుకుంటాయి గనక అలిసిన ధ్యాస తేరుకుంటుంది అన్నది వారి సిద్ధాంతం. ఉపనిషత్తు నీటి సవ్వడి కావాలన్నదీ, రిషి వ్యాలీ పిల్లలు పొద్దుగుంకడం చూసేదీ ఇందుకే అనుకోవచ్చు. దీనికి అలవాటు బలం తోడవుతుంది. ఒకే చోట, ఒకే వేళ కూర్చుంటే ఆ చోటే మనసుకు గుర్తుగా మారి, కూర్చున్న కొద్దిసేపటికే ఒళ్ళు సర్దుకుంటుంది. చుట్టూ నలుగురు కదలకుండా ఉంటే లేచిపోవాలన్న తొందర తగ్గుతుంది.

ధ్యానం అందరికీ అన్నివేళలా మేలే చేస్తుందనడం సరికాదు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికి, పెద్ద ఆఘాతం నుంచి కోలుకుంటున్నవారికి రోజుల తరబడి సాగే మౌన సాధన కష్టాన్ని పెంచవచ్చు. కరువులో అప్పుల పాలైన రైతు బాధకు కళ్ళు మూసుకుని కూర్చోవడం జవాబు కాదు. గిట్టుబాటు ధర, నీరు, అవసరమైతే వైద్యుడి సాయం కావాలి. ధ్యానాన్ని వీటికి బదులుగా చూపించేవారి మాట నమ్మకూడదు.

వెళ్ళేవారికి

కదిరి కేంద్రంగా బయల్దేరితే తిమ్మమ్మ మర్రిమాను, కటారుపల్లి ఒక రోజులో చూడవచ్చు. పుట్టపర్తి, పెనుకొండ పడమటి దారిలో, తనకల్లు మీదుగా మదనపల్లె దక్షిణ దారిలో ఉన్నాయి. మర్రిమాను దగ్గర శివరాత్రికి, కదిరిలో ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలకు, పుట్టపర్తిలో నవంబర్ 23 చుట్టూ జనం విపరీతంగా ఉంటారు. ఏకాంతం కావాలనుకునేవారు ఆ రోజులు తప్పించాలి. రిషి వ్యాలీ బడి ప్రాంగణం కాబట్టి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. ఎండాకాలంలో పదింటికల్లా బండలు కాలడం మొదలవుతుంది గనక గుట్టలెక్కేది తెల్లవారుజామునో సాయంత్రమో అయితే మంచిది. గవుల్లోకి దూరేముందు పాములు, తేళ్ళు ఉన్నాయేమో చూసుకోవాలి, నీళ్ళు వెంట తీసుకుపోవాలి. మాను కింద ఊడలు తొక్కవద్దు, వాటికి గుడ్డలు, దారాలు కట్టవద్దు.